సున్నమొల్లని తల్లి

పనసలోవ కొండకు వచ్చే భక్తులకు అమ్మవారి కన్నా ముందు ఒక వెదురు తట్ట ఎదురవుతుంది. మెట్లదారి మొదట్లో, చింతచెట్టు నీడన, ఒక పెద్దావిడ ఆ తట్టను ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. తాంబూలం వేసుకునేవారు తమ సున్నపుకాయను అందులో పెట్టి కొండ ఎక్కాలి. మా దగ్గర సున్నం లేదని బుకాయించేవారి వేళ్లను ఆమె పట్టుకుని మరీ చూస్తుంది. గోటి సందున తెల్లగా కనిపించిందా, చెంబుతో నీళ్లిచ్చి కడుక్కోమంటుంది. ఎంతటి హోదా గలవారు వచ్చినా ఆమె చూపు మారదు, చెంబు మారదు.

పైకి వెళ్లినవారు గుడిని చూసి నివ్వెరపోవడం మామూలే. నాలుగు పక్కలా నడుమెత్తు నల్లరాతి గోడ, దాని మీద దట్టంగా పట్టిన నాచు. పైకప్పు లేదు, గోపురం లేదు, వెల్ల లేదు, సిమెంటు అసలే లేదు. ఇంత మహిమ గల తల్లికి ఇంత బీద గుడా అని కొందరు పుణ్యాత్ములు నొచ్చుకుని, తమ ఖర్చుతో గోడలకు వెల్ల వేయిస్తామని ముందుకు వస్తుంటారు. ఆ మాట చెవిన పడగానే అక్కడి పూజారమ్మ రెండు చెవులూ మూసుకుంటుంది. ఆమె ఎందుకు అంతగా ఉలిక్కిపడుతుందో ముందుగా తెలుసుకుంటే అలాంటి మాట నోట రాదు. అందుకే ఈ కథ.

గోడల నడుమ విగ్రహం ఉండదు. అమ్మవారంటే ఇక్కడ ఒక గంధరాజపు పొద. బోర్లించిన గంపలా గుండ్రంగా, నడుమెత్తుకు మించకుండా, ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా నిగనిగలాడుతూ ఉంటుంది. చుట్టూ పనసచెట్లు కమ్ముకుని ఉండడంతో ఎండ అక్కడక్కడా చిల్లుల్లోంచి మాత్రమే పడుతుంది. ఆ తల్లికి ఆ నీడే ఇష్టం. జ్యేష్ఠమాసంలో తెల్లని పూలు విచ్చుకున్నాయంటే వాసన కింద చింతచెట్టు దాకా వస్తుంది.

పూర్వం ఇక్కడ ఈ రాతిగోడ కూడా లేదు. పొదను ఎవరు నాటారో తెలియదు. మేకలు దాన్ని ముట్టకుండా పక్కకు తప్పుకుని పోవడం చూసి కాపరులు మొదట దండం పెట్టారట. మేకే వదిలిందంటే అది మామూలు మొక్క కాదని వారి నమ్మకం. ఆనాటి నుంచి కడుపు పండాలని కోరుకునే ఆడవాళ్లు వచ్చి కొమ్మకు పసుపుతాడు కట్టేవారు. తవిటయ్య అనే పూజారి రోజూ వచ్చి దీపం పెట్టి పోయేవాడు.

కొండ కింద ఊళ్లో కూర్మయ్య, దాలమ్మ అనే దంపతులు ఉండేవారు. ఏటి ఒడ్డున గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నం చేయడం వారి ఇంటి పని. దాలమ్మ నీళ్లు పోసి ఉడికించిన సున్నం వెన్నలా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెప్పుకునేవారు. పెళ్లి జరిగే ఇంటి గోడకైనా, పెద్దమనిషి తాంబూలానికైనా ఆ సున్నమే కావాలి. ఆ మాటకు ఆమె లోలోపల గర్వపడేది కూడా. పనిమంతులకు ఆ మాత్రం ఉండాలి మరి.

అయితే ఆమె ఒడి నిండలేదు. కడుపు నిలిచేది, ఏడో నెల రాగానే జారిపోయేది. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి తరవాత ఆమె ఎవరి ఇంటి పురిటికీ వెళ్లడం మానేసింది. ఊరి ఆడవాళ్లు కూడా పిలవడం మానేశారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఏం చెప్పి పిలవాలో వాళ్లకు తెలియలేదు.

నాలుగోసారి కడుపు నిలిచి ఐదో నెల వచ్చేసరికి దాలమ్మకు నిద్ర పట్టడం మానేసింది. కొండెక్కి పొద ముందు కూర్చుంది. అది చైత్రమాసం. కొమ్మకొమ్మకూ పచ్చని మొగ్గలు సన్నగా, మెలితిప్పిన ఒత్తుల్లా నిలిచి ఉన్నాయి. వాటిని చూస్తూ ఆమె మొక్కుకుంది.

"అమ్మా, ఈ కడుపులో గుంటని నిలబెట్టు. నాను నీకు గుడి కట్టి, పాలలాగ తెల్లగా సేసి సూపిత్తాను. ఈ మన్నెంలో ఏ తల్లికీ లేని తెలుపు నీకు తెస్తాను."

మొక్కు తీరాక చెల్లించడం లోకాచారం. దాలమ్మకు అంత ఓపిక లేదు. ముందే చెల్లిస్తే అమ్మ మాట తప్పడానికి వీలుండదని లెక్క వేసింది. కూర్మయ్య రాళ్లు మోసి గోడ కట్టాడు. దాలమ్మ ఏరి ఏరి తెచ్చిన గుల్లలను కాల్చి, కరక్కాయ నీళ్లూ బెల్లపు నీళ్లూ కలిపి, మడతపెట్టిన గుడ్డలో వడకట్టి, గోడకు లోపలా బయటా పూత మీద పూత వేసింది. మిగిలిన సున్నాన్ని పారేయడానికి మనసొప్పక పొద మొదలు చుట్టూ వెడల్పాటి వలయంగా పోసింది. పని పూర్తయిన రోజున కొండెక్కిన ఊరి జనం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. చీకటి పనసతోపులో ఆ గోడ వెన్నెల ముద్దలా వెలుగుతోంది. తవిటయ్య కళ్లు తుడుచుకున్నాడు. దాలమ్మకు తన బతుకులో అంత గొప్ప రోజు లేదనిపించింది.

వైశాఖంలో గాలివాన పట్టుకుంది. రాత్రీ పగలూ కురిసింది. వాన వెలిశాక దీపం పెట్టడానికి వెళ్లిన తవిటయ్య, దీపం పెట్టకుండానే పరుగెత్తుకుంటూ కిందికి వచ్చాడు.

"ఓలప్పా, అమ్మ పసుపుపచ్చగా అయిపోయినాది!"

ఊరు ఊరంతా కొండెక్కింది. దాలమ్మ పొట్ట పట్టుకుని అందరి వెనకా ఎక్కింది. లోపలికి తొంగిచూసి నిలువునా కొయ్యబారిపోయింది. నిన్నమొన్నటి దాకా నల్లగా మెరిసిన ఆకులు కామెర్లు వచ్చిన కళ్లలా పసుపు తిరిగాయి. ఆకు ఈనెలు మాత్రం పచ్చగా, చేతి మీద నరాల్లా తేలి కనిపిస్తున్నాయి. కింద తెల్లని వలయంలో రాలిన మొగ్గలు పడి ఉన్నాయి. ఎన్ని కరువులు వచ్చినా, ఎన్ని వడగాడ్పులు కొట్టినా ఆ పొద ఆకు వాడడం చూసినవారు వారిలో లేరు.

తరవాత నోళ్లు లేచాయి. మైల పడ్డవాళ్లెవరో వచ్చారని ఒకరు, పక్క ఊరివాళ్లు ఏదో చేశారని ఒకరు. చేటలో పోసి చెరిగినట్టు ఊరిలోని ఆడవాళ్లందరినీ చెరిగారు. దాలమ్మ మాత్రం ఎవరినీ అనలేదు. ఆమె కళ్లు మొగ్గల మీదే ఉన్నాయి. ఆ మొగ్గలను చూస్తూనే కదా తను మొక్కుకుంది. అవి రాలుతున్నాయంటే అర్థమేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు.

"తెగులు పట్టినట్టుంది" అన్నాడు తవిటయ్య. "తెగులుకి సుద్ధి సేయాల. సున్నాన్ని మించిన సుద్ధి ఏటుంటాది?"

నిజమే కదా అనుకుంది దాలమ్మ. పురుగు పట్టిన గాదెకు సున్నం కొడతారు. చావు జరిగిన ఇంటికి సున్నం కొడతారు. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే, అది ఆమె చేతిలోనే ఉంది. మర్నాడే మళ్లీ కుండలు మోసుకుని ఎక్కింది. వాన కడిగేసిన చోటల్లా మళ్లీ పూసింది. మొదలు చుట్టూ ఉన్న వలయాన్ని ఇంకా మందం చేసింది. పుండు మీద కారం చల్లుతున్నానని ఆమెకు ఎలా తెలుస్తుంది? వంగలేని ఒంటితో వంగి, చేతులు పొక్కుతున్నా ఆగకుండా, అమ్మా అమ్మా అంటూ పోసింది.

జ్యేష్ఠం వచ్చింది. పూలు విచ్చుకోవలసిన నెలలో ఆకుల అంచులు మాడి రాలడం మొదలుపెట్టాయి. దాలమ్మకు ఏడో నెల పడింది. ఆమె రోజూ కొండెక్కి ఎన్ని మొగ్గలు మిగిలాయో చూసుకునేది. దిగివచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. తినబుద్ధయ్యేది కాదు. నోటికి హితవుగా ఉండేది పులుపు ఒక్కటే. చింతకాయ, పుల్లమామిడి, పులిసిన గంజి తరవాణి, అవే ఆమెకు అన్నమూ నీళ్లూ.

ఒక మధ్యాహ్నం బట్టీ పక్కన నీడలో తరవాణి ముంత దగ్గర పెట్టుకుని కూర్చుని, అలాగే కునుకు తీసింది. ఆ కునుకులో ఒక ఆడమనిషి వచ్చి ఎదుట రాతి మీద కూర్చుంది. ఒళ్లంతా పసుపు రంగు. ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది దాలమ్మ.

ఆవిడ కొంగు తీసి నోరు తెరిచింది. దాలమ్మ కెవ్వుమంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నాలుక పొక్కడం అందరూ ఎరిగినదే. ఆవిడ నోరంతా అలా ఉంది. నాలుక, బుగ్గలు, పెదాల లోపల, అంతా పొరలు పొరలుగా ఊడి, పచ్చి పుండులా ఉంది.

"ఓలమ్మో! ఎవులమ్మా నీకింత సున్నం పెట్టినోళ్లు? ఆళ్ల సెయ్యి పడిపోనూ!"

ఆవిడ చెయ్యి చాపి దాలమ్మ చేతుల్ని చూపించింది. చూపులో కోపం లేదు. అది ఉంటే దాలమ్మ తట్టుకునేదేమో. తరవాత ఆవిడ ముంత వంక చూసి, మాట కూడబలుక్కుంటూ అంది.

"కడుపుతో ఉన్నదానివి. నీ నోటికి ఏటి కావాలో నీకు తెలుసును. నువ్వు తాగుతున్నదే నాకో గుక్క పొయ్యొచ్చు కదే, అమ్మీ."

దాలమ్మ లేచి కూర్చుంది. ఎండ ఉన్నచోటే ఉంది. ముంతలో ఈగ వాలి ఉంది. తన చేతుల్ని చూసుకుంది. గోళ్ల సందుల్లో, గీతల్లో, మడతల్లో, ఎన్నేళ్లుగానో కడిగినా పోని తెలుపు. అమ్మను చంపుతున్నది తనే. మొక్కు పేరుతో, ప్రేమతో, పూతకు పూత వేసి మరీ.

కత్తిపీట పక్కనున్న కొడవలి తీసుకుని, ముంత చంకన పెట్టుకుని కొండెక్కింది. కాసేపటికి రాతి మీద ఇనుము గీకే చప్పుడు విని తవిటయ్య వచ్చాడు, వెనకే కూర్మయ్య, ఆ వెనక ఊరు. వచ్చినవారు వచ్చినట్టే గుండెల మీద చేతులు వేసుకుని నిలబడిపోయారు. ఏడో నెల గర్భిణి జుట్టు విరబోసుకుని అమ్మవారి గుడి గోడను చెక్కేస్తోంది. తెల్లని పెచ్చులు లేచి ఆమె ముఖం మీద పడుతున్నాయి.

"మతి గాని పోయినాదేటే నీకు!" అన్నాడు కూర్మయ్య. "అమ్మ గోడ గీకేస్తన్నావు!"

"అమ్మకి నోరు పొక్కిపోయినాదయ్యా. నాను సూసినాను. మన సున్నమే."

కూర్మయ్య ముఖం పాలిపోయింది. "మన సున్నం అమ్మకి ఇసమయిందని ఊరందరి ముంగిట నువ్వే సాటుతావా? రేపు మన బట్టీ ముకం ఎవుడు సూస్తాడు?"

"మన సేతిది గాబట్టే మన సేత్తోనే తియ్యాల."

తవిటయ్య ముందుకు వచ్చాడు. గుడికి వేసిన వెల్ల గీకడం అమ్మ ఒంటి మీద చీర లాగినంత పాపమని, ఆపమని అరిచాడు. ఆపలేకపోయాడు. కడుపుతో ఉన్న మనిషి మీద చెయ్యి వేయడం ఆ ఊళ్లో ఎవరూ చేయని పని. అంత జనం ఉండీ, ఒక్కరూ కదలలేక, చూస్తూ ఉండిపోయారు. దాలమ్మ ఆయాసపడి గోడకు చేరబడింది. ఆ తరవాత గీకబోతే కొడవలి చేజారింది.

కూర్మయ్య దాన్ని తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆ తరవాత ఎవరు అడిగినా చెప్పలేదు. "నువ్వు లెగు. నాను గీకుతాను" అన్నాడంతే.

గోడ అయ్యాక మొదలు చుట్టూ గట్టిపడిన సున్నపు మన్ను తీయడానికి పార ఎత్తాడు. దాలమ్మ అడ్డుపడింది. ఆ పొద వేళ్లు లోతుకు పోవు, తలవెంట్రుకల్లా పైపైనే అల్లుకుని ఉంటాయి. పార పడితే తెగిపోతాయి. ఆమే కూర్చుని చేతివేళ్లతో కొద్దికొద్దిగా మట్టి తీసింది. ఆ గుంటను దేనితో పూడ్చాలో ఆమెకు తోచలేదు. అప్పటి దాకా తిట్టిన తవిటయ్య పనసచెట్ల కిందికి వెళ్లాడు. ఏళ్ల తరబడి ఆకు మీద ఆకు రాలి, మగ్గి, నల్లగా మారిన ఆకుమన్ను అక్కడ మోకాటి లోతు ఉంది. ఒక తట్ట నింపుకుని వచ్చి గుంట పక్కన పెట్టాడు. అది పుల్లని వాసన వేసింది. ఆ వాసనకు దాలమ్మకు నోట్లో నీళ్లూరాయి. ఇదే, ఇదే అంటూ రెండు చేతులా తీసి వేళ్ల మీద కప్పింది. దాని మీద తన ముంతలోని తరవాణిని నీళ్లలో పల్చన చేసి పోసింది.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనుకునేవారు తొందరపడ్డట్టే. మొగ్గలు ఆగలేదు. రోజూ రాలుతూనే ఉన్నాయి. చివరికి తూర్పు కొమ్మన ఒక్క మొగ్గ మిగిలింది. ఒక ఉదయం దాలమ్మ చూస్తూ ఉండగానే అది తొడిమ ఊడి నేల మీద పడింది. ఆమె ఏడవలేదు. దాన్ని కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చి, చాప వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. పురిటి కోసం దాచిన పాత చీరల మూటను పక్కింటావిడకు ఇచ్చేయమని కూర్మయ్యతో చెప్పింది.

ఏడో నెల దాటింది. ఎనిమిదో నెలా దాటింది. ఆమె నమ్మలేదు. భాద్రపదంలో నొప్పులు వచ్చాయి. కళ్లు గట్టిగా మూసుకుని కనింది. బిడ్డ ఏడుపు చెవిన పడినా అది తన ఇంట్లోది కాదనుకుంది. మంత్రసాని బిడ్డను తెచ్చి పక్కలో వేస్తే, ముట్టుకోకుండా, బిక్కచచ్చి చూసింది.

"బతికే ఉన్నాదా?"

"ఇల్లు ఎగిరిపోయేలాగ ఏడుస్తంటే బతికున్నాదా అంటావేటే! ఆడగుంట. పాలియ్యి."

పురుడు తీరాక దాలమ్మ బిడ్డను ఎత్తుకుని కొండెక్కింది. పొద మీద ఒక్క పువ్వు లేదు. ఆ ఏడాది ఆ తల్లి పూయనే లేదు. కొమ్మల చివర మాత్రం చిటికెన వేలి గోరంత చిగుళ్లు ముదురు పచ్చగా తొంగిచూస్తున్నాయి. దాలమ్మ ఖాళీ కొమ్మల వంక చూసింది, చేతుల్లో బిడ్డ వంక చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు. నోరు కాల్చినదాని మొక్కును ఆ తల్లి తోసిపుచ్చలేదు. తన కొమ్మలన్నీ ఖాళీ చేసుకుని దాని ఒడి నింపింది. దాలమ్మ అక్కడే కూలబడి, కొండ మారుమోగేలా ఏడ్చింది. అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, బిడ్డను ఒడిలో పడుకోబెట్టి, ఉత్త చేతులు పొద ముందు చాపి అడిగింది. "నీకేటి కావాలమ్మా?"

అన్నిసార్లు కొండెక్కి, ఎన్నో చెప్పుకుని, ఎంతో పోసి, ఆ ఒక్క ప్రశ్న ఆమె అదే మొదటిసారి అడగడం.

మరుసటి జ్యేష్ఠానికి బిడ్డ దోగాడుతోంది. పొద నిండా పూలు. బిడ్డకు గంధమ్మ అని పేరు పెట్టారు. కూర్మయ్య భయపడినట్టు బట్టీ ఆరిపోలేదు. ఏ ఇంటి గోడకు ఆ ఇంటివాళ్లు సున్నం అడుగుతూనే ఉన్నారు. సున్నం పాపిష్టిదని అమ్మ ఎన్నడూ అనలేదు, తన నోటికి పడదని మాత్రమే చెప్పింది.

నేటికీ పనసలోవలో ఆ కట్టడి తప్పలేదు. భక్తులు పిడికెడు ఆకుమన్ను తెచ్చి మొదలు చుట్టూ వేస్తారు, వేళ్లు కదిలించకుండా. కొబ్బరికాయ కొట్టరు. పల్చని తరవాణి ఒక దొన్నెడు పోస్తారు. కోసిన పువ్వు ఇక్కడ నిషిద్ధం. రాలిన పువ్వును మాత్రం పూజారమ్మ గర్భిణుల ఒడిలో వేస్తుంది. గోడకు ఉత్తరం పక్క, కొడవలి అందని రెండు రాళ్ల సందులో, వేలెడంత తెలుపు ఇప్పటికీ మిగిలి ఉంది. అది దాలమ్మ చేతిది. దాన్ని ఎవరూ గీకరు. వాన తగలని చోట కావడంతో అమ్మకూ దానితో ఇబ్బంది లేదు.

కింద చింతచెట్టు దగ్గర తట్ట పెట్టుకుని కూర్చునే హక్కు గంధమ్మ సంతతి ఆడవారిదే. సున్నం కాల్చే ఇంటి ఆడపడుచే వచ్చినవారి సున్నం దించుకుని, తన చేతులు తాను ముందు కడుక్కుని, తరవాత వారి చేతులు కడుగుతుంది. పెద్దావిడ చూపు మరీ కరుగ్గా ఉందని నొచ్చుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోగలరు.

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. మన కోరికలు చెప్పుకోవడం మనకు ఒకరు నేర్పనక్కర లేదు. ఈ కొండ మీద మాత్రం ముందు ఉత్త చేతులు చాపి, నీకేం కావాలమ్మా అని తల్లిని అడగాలి. అడిగి కాసేపు ఊరుకోవాలి. మన కోరిక చెప్పుకోవడం ఆ తరవాతే. అలా అడిగినవారిని ఆ తల్లి ఖాళీ ఒడితో పంపదని ఇక్కడివారి విశ్వాసం. దిగి వెళ్లేటప్పుడు సున్నపుకాయ మరచిపోకండి.